ముందు ఒడ్డు, ఆ తర్వాతే లాంచీ

సోమశిలని ‘మినీ మాల్దీవులు’ అని మొదట పిలిచిందెవరో గాని, ఆ పేరు ఇప్పుడు ఊరి పేరు కన్నా ఎక్కువ తిరుగుతోంది. రీల్ తెరిస్తే చాలు. డ్రోన్ లేస్తుంది, నీలం నీళ్ళు, పచ్చటి గుట్టలు, మధ్యలో తెల్లటి లాంచీ ఒకటి గీతలా సాగిపోతుంది, వెనక ఏదో పాట. ముప్పై సెకన్లు. అందులో ఒక్క మనిషి మొహం కనపడదు, ఒక్క ఊరి పేరు వినపడదు. కింద కామెంట్లన్నీ ఒకటే: ‘టికెట్ ఎంత? ఎలా బుక్ చేసుకోవాలి?’

మాల్దీవులతో పోల్చడంలో తప్పేముంది, సరదాకి అన్నారు కదా అంటారు. ఉంది తప్పు. మాల్దీవుల్లో నీళ్ళ చుట్టూ ఉన్నది సముద్రం పెట్టిన అందం. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ పక్కనున్న సోమశిల దగ్గర మనం చూస్తున్నది మనుషులు కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళు. శ్రీశైలం ప్రాజెక్టుకి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981 వేసవిలో కృష్ణ, తుంగభద్రల ఒడ్డు ఊళ్ళని ఇళ్ళు కూల్చి మరీ ఖాళీ చేయించారు. అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు, లక్ష మంది దాకా జనం. మనం ‘బ్యాక్‌వాటర్స్’ అని ముద్దుగా పిలుచుకునేది ఆ ఊళ్ళ మీద నిలబడ్డ నీళ్ళని. కాబట్టి ‘మినీ మాల్దీవులు’ అన్న మాట ఒట్టి పోలిక కాదు, ఒక రకంగా రెండోసారి ముంచడం.

లాంచీ మీద నాకేం పగ లేదు. 2024 నవంబరులో తెలంగాణ టూరిజం వాళ్ళు సోమశిల నుంచి శ్రీశైలానికి సర్వీసు మొదలుపెట్టారు. మొదలైనప్పుడు పెద్దలకి ఒకవైపు టికెట్టు రెండు వేలు. ఏడు గంటల ప్రయాణం, తిండి కూడా అందులోనే. నల్లమల మధ్య నుంచి కృష్ణ వంపులు తిరిగే ఆ దారి నిజంగానే అద్భుతం. నా తగాదా లాంచీ ఎక్కేవాళ్ళతో. ఇంకా సూటిగా చెప్పాలంటే, పొద్దున కారులో ఘాట్ దాకా వచ్చి, లాంచీ ఎక్కి, శ్రీశైలంలో దిగి, ‘సోమశిల చూసేశాం’ అని రాసుకునే మనతో. ఒడ్డు మీద కాలు పెట్టకుండా నదిని చూసేశామనుకునే ఈ నమ్మకం మనకి ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి పుట్టిల్లు క్రూజు ఓడ. మధ్యధరా సముద్రంలో తిరిగే ఆ ఓడలు ఇప్పుడు మన వాళ్ళకీ కొత్త కాదు. డాలస్ నుంచి ఎక్కుతున్నారు, కూకట్‌పల్లి నుంచి కూడా ఎక్కుతున్నారు. అక్కడ పద్ధతి ఏమిటంటే, ఓడ రోజుకో రేవులో ఆగుతుంది. మీకున్నది ఎనిమిదో తొమ్మిదో గంటలు. టికెట్టు మీద ‘రోమ్’ అని ఉంటుంది గాని, ఓడ ఆగేది చివితావెక్కియాలో. రోమ్ అక్కడికి డెబ్భై ఎనభై కిలోమీటర్లు. ‘ఫ్లోరెన్స్’ అన్నా అంతే, ఆగేది లివోర్నోలో. అప్పుడు ఓడవాళ్ళు తమ బస్సు టూరు అమ్ముతారు. దాంతోపాటు ఒక భయం కూడా అమ్ముతారు: మా టూరులో వెళ్తే బస్సు ఆలస్యమైనా ఓడ మీకోసం ఆగుతుంది, మీ అంతట మీరు వెళ్ళి ఆలస్యమైతే మాత్రం ఓడ వెళ్ళిపోతుంది. అబద్ధమేమీ కాదు, నిజంగానే వెళ్ళిపోతుంది. అయినా కొంతమంది ఆ భయాన్ని పక్కన పెట్టి, రైలు టైములు కాగితం మీద రాసుకుని, తిరుగు ప్రయాణానికి రెండు గంటలు చేతిలో ఉంచుకుని, మామూలు లోకల్ రైలెక్కి రోమ్ వెళ్ళొస్తారు. బస్సు టూరు వాళ్ళు చూసినవన్నీ వీళ్ళూ చూడలేకపోవచ్చు. కానీ రైల్లో ఆఫీసుకెళ్ళే మనిషి పక్కన కూర్చుంటారు, సందులో కాఫీ తాగుతారు, దారి తప్పి ఎవరినో అడుగుతారు. ఆ ఎనిమిది గంటలు వాళ్ళవి.

అక్కడ ఒడ్డువాళ్ళు కూడా ఊరుకోలేదు. వేల మంది ఒక్కసారి దిగి, ఫొటో తీసుకుని, భోజనానికి మళ్ళీ ఓడకే పోతే మాకేం మిగిలింది, మా నీళ్ళు పాడవడం తప్ప, అని వెనిస్ జనం ఏళ్ళ తరబడి గొడవ చేశారు. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలు నగరం నడిబొడ్డున ఉన్న జ్యుడెక్కా కాలువలోకి రాకుండా ఆపారు. ఒడ్డుకి నోరుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఈ మాట తెచ్చాను.

మన ఒడ్డుకి నోరు లేదా? ఉంది. డెక్కు మీద పాటల హోరులో అది వినపడదు, అంతే.

కొల్లాపూర్ బస్టాండులో అరవై దాటిన వాళ్ళెవరినైనా ‘సొంతూరు ఏది’ అని అడిగి చూడండి. కొందరు ఇప్పుడుంటున్న ఊరి పేరు చెప్పాక ఒక్క క్షణం ఆగి, ఇంకో పేరు చెబుతారు. ఆ రెండో ఊరు మ్యాపులో ఉండదు. ఇక్కడ ‘తొంభై ఎనిమిది’ అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. శ్రీశైలం ముంపులో ఇళ్ళూ భూములూ పోయిన కుటుంబాలకి, ఇంటికొక ఉద్యోగం ఇస్తామని 1986లో వచ్చిన జీవో నంబరది. కొంతమందికి వచ్చాయి. రానివాళ్ళు ధర్నాలు చేస్తూనే వచ్చారు. అప్పుడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న కుర్రాడికి ఇప్పుడు మనవలు. 

మరి మునిగిన ఊళ్ళలోని గుళ్ళు ఏమయ్యాయి? వాటికి మాత్రం కొంత న్యాయం జరిగింది. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లిలో ఉన్న చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్ తెచ్చి మళ్ళీ పేర్చారు. పాపనాశిని గుళ్ళ గుంపునీ అలాగే ఎత్తైన చోటికి మార్చారు. మంచాలకట్టలో ఉన్న మాధవస్వామి గుడి కొల్లాపూర్ చేరింది. జటప్రోలులో మదనగోపాలస్వామి, సోమశిలలో సోమేశ్వరుడు, ఇలా ఒడ్డు పొడుగునా వలస వచ్చిన దేవుళ్ళే. విప్పిన రాళ్ళని మళ్ళీ సరిగ్గా పేర్చాలంటే ఏ రాయి ఎక్కడిదో గుర్తుండాలి కదా, అందుకు రాళ్ళకి నంబర్లు వేస్తారు. గుళ్ళు కాపాడటాన్ని నేను తప్పు పట్టను. వాటిని విప్పి కట్టిన కూలీలకీ, ఇంజనీర్లకీ దండం పెట్టాలి. కానీ ఒక లెక్క మాత్రం మర్చిపోలేం. రాళ్ళ నంబర్లు పనికొచ్చాయి, ఏ రాయి స్థానం ఆ రాయికి దొరికింది. మనుషులకిచ్చిన నంబరు జీవో నంబరుగానే మిగిలిపోయింది.

ఇదంతా లాంచీలో నుంచి కనపడదు. లాంచీ తప్పు కాదది. నీళ్ళ మీద నుంచి చూస్తే నీళ్ళే కనపడతాయి.

ఇంకో సంగతి. పర్యాటకులకి ఇప్పుడు లైఫ్ జాకెట్లతో లాంచీ వచ్చింది గాని, ఈ నదిని రోజువారీ పనుల మీద దాటేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ఈ గట్టున చుట్టాలు, ఆ గట్టున పొలాలు, ఇటు జాతర, అటు పెళ్ళి. వాళ్ళు దాటేది పుట్టిలో, నాటు పడవలో. 2007 జనవరిలో, సింగోటం జాతర రోజుల్లో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. వంతెన కావాలని ఈ ప్రాంతం అప్పటి నుంచీ గట్టిగా అడుగుతోంది. 2022 అక్టోబరులో కేంద్రం సోమశిల, సిద్ధేశ్వరం మధ్య 1,082 కోట్లతో తీగల వంతెన ప్రకటించింది. ప్రకటనతోపాటు వచ్చిన బొమ్మలో గోపురం ఆకారంలో స్తంభాలు, రంగు దీపాలు, నడవడానికి గాజు దారి. రావాల్సిందే, అందంగా ఉంటే ఇంకా మంచిది. నా బాధల్లా ఒకటే. జనం అడిగింది మునిగిపోకుండా అవతలి ఒడ్డు చేరే దారి. దాన్ని మనకి చూపించింది మాత్రం సెల్ఫీ దిగే చోటుగా. ఒడ్డుని డెక్కు మీద నుంచి చూసేవాళ్ళే ఎక్కువైతే, రేపు ఇక్కడ ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ డెక్కు మీద వాళ్ళ కళ్ళ కోసమే ఖర్చవుతుంది. చూసేవాళ్ళ చూపు విధానంగా మారుతుంది. నేను ఇంత గొంతు చించుకుంటున్నది అందుకు.

ఒడ్డు దిగి నడవడం మనకేమీ పరాయి అలవాటు కూడా కాదు. తెలుగులో యాత్రాసాహిత్యం మొదలైందే అలా. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరాడు. శ్రీశైలం చూసుకుని, ఈ సంగమం దగ్గరే కృష్ణ దాటి, పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు వెళ్ళాడు. అంటే ఈ వ్యాసంలో నేను చెబుతున్న నేల మీదుగానే. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ని చాలామంది చరిత్ర కోసం చదువుతారు. ఒకసారి ప్రయాణికుల కళ్ళతో చదవండి. ఏ ఊరికి ఎంత దూరం, దారి ఇసకా రాళ్ళా, దిగడానికి చోటుందా, బజారులో ఏం దొరుకుతుంది, నీళ్ళు మంచివేనా, ఊరు ఎవరి ఏలుబడిలో ఉంది, వాళ్ళు ఎలాంటివాళ్ళు. పుణ్యం కోసం బయల్దేరిన మనిషి దారిలో ఉన్న ప్రతి ఊరినీ ఊరుగా చూశాడు. ఆయన ఒంటరిగా, బీదగా పోలేదు లెండి, పల్లకీ ఉంది, బోయీలున్నారు, వెంట పెద్ద పరివారం ఉంది. సౌకర్యాలన్నీ ఉండి కూడా కళ్ళు మూసుకోలేదు. ఆయన దాటిన ఆ రేవు ప్రాంతం ఇప్పుడు జలాశయం కింద ఉంది. నూట తొంభై ఏళ్ళ తర్వాత దాని మీదుగా ఏసీ లాంచీలో పోతూ మనం రాస్తున్నది ‘అమేజింగ్ వైబ్స్’ అని.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు వస్తాయి, అవి న్యాయమైనవే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మని బస్సులు మారుస్తూ తిప్పుతామా? తిప్పొద్దు. ఆమె కోసమే లాంచీ, ప్యాకేజీ అవసరం. ఆమెని హాయిగా కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. నేను మాట్లాడుతున్నది రెండు రోజులు సెలవు పెట్టగలిగి, రెండు మైళ్ళు నడవగలిగిన వాళ్ళ గురించి. ‘సొంతంగా తిరగడం మగాళ్ళకి చెల్లుతుంది గాని’ అనే మాట ఇంకా బరువైనది. తెలియని ఊళ్ళో చీకటి పడితే అమ్మాయికి ఉండే భయాన్ని నేను తేలిక చేయలేను. కానీ ఇటీవల ఒకటి మారింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. వనపర్తి నుంచి కొల్లాపూర్ పోయే బస్సు ఎక్కితే సగం పైన ఆడవాళ్ళే ఉంటే ఆశ్చర్యపోవద్దు. ఆ బస్సుని మించిన గైడు లేదు, అది కూడా ఉచితంగా. పగలే కదలడం, చీకటి పడేలోపు జిల్లా కేంద్రానికి చేరడం, ఈ రెండూ పాటిస్తే చాలా భాగం భయం ప్రణాళికలోనే తీరిపోతుంది.

మూడో అభ్యంతరం సాహిత్యం వాళ్ళది: జనం బాధ చూడ్డానికి టూరు వేయమంటున్నావా? ముంపు ఊళ్ళవాళ్ళు ఏమైనా ప్రదర్శనా? ఈ ప్రశ్న నన్నూ ఇబ్బంది పెడుతుంది. కెమెరా మొహం మీద పెట్టి ‘మీ ఊరు పోయినప్పుడు ఏమనిపించింది’ అని అడగడం లాంచీ రీల్ కన్నా నీచం. కానీ దానికి విరుగుడు డెక్కు మీదే కూర్చోవడం కాదు. మామూలు మనిషిలా వెళ్ళడం. బస్సెక్కడం, టీ తాగడం, చేపల వేపుడు కొనుక్కుని అడిగిన డబ్బులిచ్చి తినడం, దారి అడగడం. మాట వస్తే వినడం, రాకపోతే ఊరుకోవడం. నీళ్ళ పక్కనే టార్పాలిన్ గుడిసెల్లో ఉండే జాలర్లు కొంతమంది ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చినవాళ్ళు. చేపపిల్లల్ని కూడా వదలని సన్నకన్ను అలివి వలల మీద స్థానిక మత్స్యకారులకి ఎంత కోపముందో, ఆ గొడవ ఏమిటో, పావుగంట ఒడ్డున కూర్చుంటే తెలుస్తుంది. పాలమూరు నుంచి బొంబాయికి వలస పోయినవాళ్ళ మీద మన దగ్గర కవిత్వం బోలెడుంది. పాలమూరుకే వలస వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని దిగితేనే తెలుస్తుంది.

సరే, ఎలా వెళ్ళాలి? ఉపదేశం చేసి ఊరుకుంటే ఇదీ ఒక రీలే అవుతుంది.

ముందు క్యాలెండరు పక్కన పెట్టి నీటిమట్టం చూడండి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, ఎంతుందో దాదాపు రోజూ పేపర్లో వస్తుంది. వానాకాలం చివర నిండుకుండలా ఉన్నప్పుడు లాంచీకి మంచిది. అవతలి గట్టున సంగమేశ్వరం గుడి, వేపమొద్దు శివలింగం ఉన్నది, అప్పుడు పూర్తిగా నీళ్ళ కింద ఉంటుంది. నీళ్ళు బాగా తగ్గాకే, సాధారణంగా శివరాత్రి దాటాక, అది బయటపడి మళ్ళీ వరద వచ్చేదాకా ఉంటుంది. లాంచీ కావాలా, గుడి కావాలా అన్నది మీ ఇష్టం. రెండూ ఒకే రోజు దొరకవని తెలుసుకోవడమే ఈ నదిని అర్థం చేసుకోవడంలో మొదటి మెట్టు.

మొదటి రోజు కాచిగూడలో రైలెక్కి గద్వాలలో దిగండి. కోటలోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, దాని పక్కనే డిగ్రీ కాలేజీ. పిల్లలు కోటగోడ నీడలో కూర్చుని పరీక్షలకి చదువుకుంటుంటారు. ఈ ఊరిని ఒకప్పుడు ‘విద్వద్గద్వాల’ అనేవారు. ఇప్పటికీ ఆ కోట చదువుకే పనికొస్తోందంటే సంతోషించాలి. నూలు చీరకి పట్టు అంచు మగ్గం మీదే ఎలా కలుస్తుందో చూడకుండా గద్వాల చీర గురించి మాట్లాడొద్దు. అక్కడి నుంచి అలంపూర్. ఎక్కువమంది జోగులాంబ దర్శనం చేసుకుని అరగంటలో బస్సెక్కేస్తారు. మీరు నవబ్రహ్మ ఆలయాల మధ్య పూట గడపండి. తర్వాత కరకట్ట ఎక్కండి. జలాశయం నిండితే ఊరు మునగకుండా కట్టిన గట్టు అది. 2009 అక్టోబరులో ఆ గట్టు కూడా ఆపలేని వరద వచ్చింది. అలంపూర్ మునిగింది, తుంగభద్ర ఒడ్డున రాజోలిలో నేతగాళ్ళ ఇళ్ళూ మగ్గాలూ పోయాయి. ఆ తర్వాత కూడవెల్లి గుడికీ పాపనాశినికీ వెళ్ళండి. జనం పలచగా ఉంటారు. శతాబ్దాలు నది పక్కన ఉన్న గుడి, నది లేని చోట ఎలా నిలబడిందో చూడండి.

రెండో రోజు హైవే పట్టుకుని పెబ్బేరు, అక్కడి నుంచి శ్రీరంగాపురం. రంగసముద్రం చెరువు గట్టున రంగనాయకస్వామి గుడి. తర్వాత వనపర్తి, రాజుగారి ప్యాలెస్ ఇప్పుడు పాలిటెక్నిక్. వానాకాలమైతే సరళాసాగర్ చూడాలి. నీళ్ళు ఒక మట్టానికి రాగానే ఎవరూ గేటు ఎత్తకుండానే సైఫన్లు వాటంతట అవే పనిచేసి నీళ్ళని వదిలేస్తాయి. 1959లో పూర్తయిన ప్రాజెక్టు అది. 2019 చివరి రోజున కట్ట తెగింది, మళ్ళీ కట్టుకున్నారు.

మూడో రోజు పానగల్లు మీదుగా కొల్లాపూర్. వీరాస్వామయ్య వచ్చిన దారికి మీరు ఎదురు వెళ్తున్నారన్నమాట. మాధవస్వామి గుడి, తర్వాత జటప్రోలు, చివరికి ఆటోలో సోమశిల. చూడాల్సినవన్నీ చూడలేరు, ఏదో ఒక బస్సు తప్పిపోతుంది. ఒక్కటి మాత్రం తేడా. మధ్యధరాలో ఓడ వెళ్ళిపోతే పాస్‌పోర్టుతో సహా చిక్కుల్లో పడతారు. ఇక్కడ బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది. మన దగ్గర ఆ భయం అమ్మేవాళ్ళు కూడా లేరు, మనమే కొనుక్కుని తెచ్చుకుంటున్నాం.

హైదరాబాదు నుంచి కర్నూలుకో బెంగుళూరుకో పోతూ ఈ మూడు జిల్లాల పక్కనుంచి వంద స్పీడులో పోని వాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు? పాలమూరు కరువు మీద పుస్తకావిష్కరణ సభలకి వెళ్తాం. గడియారం రామకృష్ణశర్మ ‘శతపత్రము’కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని గుర్తు చేసుకుంటాం. ఆయన జీవితమంతా పని చేసిన అలంపూర్‌కి హైవే మీద నుంచి కాస్త లోపలికి తిరగాలంటే మాత్రం టైముండదు. సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద సెమినార్లకి వెళ్తాం. ఆయన ఊరు ఇటిక్యాలపాడు ఏ మూలనుందో మ్యాపులో చూపించమంటే తడుముకుంటాం. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను.

మూడు రోజులూ అయ్యాక, నాలుగో రోజు పొద్దున లాంచీ ఎక్కండి. నేను కాదనను. టికెట్టు కొనుక్కోండి, డెక్కు మీద కూర్చోండి, ఫొటోలు కూడా తీసుకోండి. లాంచీ ఘాట్ వదిలి నది మధ్యకి వెళ్ళాక ఒకసారి కిందికి చూడండి. అప్పటికి మీకు కొన్ని పేర్లు తెలిసి ఉంటాయి. కూడవెల్లి, పాత మంచాలకట్ట, పాత జటప్రోలు. ఆ ఫొటో కింద మాల్దీవులు అని రాయడానికి చెయ్యి వస్తుందేమో చూసుకోండి.